రెండూ 175 గ్రాములే కదా తాతయ్యా?

చిట్టీ, బుజ్జీ,

మీ అమ్మ ఇక్కడికి ఆవకాయ, గోంగూర పచ్చడి నింపి తెచ్చిన పెట్టెలోనే మూడు డిస్కులు పెట్టి పంపాను. బంతికి బదులు ఫ్రిస్బీలాంటి ప్లాస్టిక్ పళ్ళేలు విసిరి ఆడే డిస్క్ గోల్ఫ్‌వి ఇవి. ఒకటి ఎర్రది, ఒకటి నీలంది, ఇంకోటి నల్ల అంచున్న తెల్లది. ఎర్రది, నీలంది పేరు ఒకటే, ఒకే రకం అచ్చులోంచి వచ్చినవి. కాటా మీద పెడితే రెండూ 175 గ్రాములే. పోయిన వేసవిలో మిషిగన్‌లో మా ఇంటి దగ్గర పార్కులో బుజ్జి వీటినే విసిరింది. "రెండూ 175 గ్రాములే కదా తాతయ్యా, నేను ఒకేలా విసిరాను. ఎర్రది కుడివైపు చెట్లలోకి ఎందుకు పోయింది, నీలం ఎడమకి ఎందుకు దిగింది?" అని అడిగింది. వెనక ఆటగాళ్ళు తమ వంతు కోసం నిలబడి ఉన్నారని ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ముందు గాలి సంగతి. డిస్కు రెక్కలా తేలుతుంది, బొంగరంలా తిరుగుతుంది. తిప్పకుండా విసిరి చూడండి, కాస్త దూరంలోనే పల్టీ కొడుతుంది. ఎందుకంటే గాలి దాన్ని పైకి నెట్టే చోటు, దాని బరువుకి నడిమధ్య చోటు ఒకటి కావు. డిస్కు జోరుగా పోతున్నప్పుడు గాలి నెట్టే చోటు మధ్యకి కాస్త వెనక ఉంటుంది. తోకని లేపి ముక్కుని కిందికి వంచాలని చూస్తుంది. జోరు తగ్గి కిందికి దిగేటప్పుడు ఆ చోటు ముందుకి జరుగుతుంది. అప్పుడు ముక్కుని పైకి లేపాలని చూస్తుంది.

అయితే గిర్రున తిరిగే వస్తువుని ముందుకి వంచబోతే అది పక్కకి వాలుతుంది. నమ్మకపోతే సైకిల్ ముందు చక్రం ఊడదీయించుకోండి. ఒకరు ఇరుసుని రెండు చేతులా పట్టుకుంటే ఇంకొకరు చక్రాన్ని గట్టిగా తిప్పండి. తిరుగుతుండగా ఒక పక్కకి వంచబోతే అది ఇంకో పక్కకి మెలి తిరగటం మీ మణికట్టుకే తెలుస్తుంది. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్, అంటే చేతిని ఒంటికి అడ్డంగా ఎడమకి తెచ్చి బయటికి, విసిరిన డిస్కు, పైనుంచి చూస్తే, గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది. ముక్కుని కిందికి నొక్కే గాలి దాన్ని కుడికి వాలుస్తుంది, ముక్కుని లేపే గాలి ఎడమకి వాలుస్తుంది. అందుకే మొదట కుడికి, చివర ఎడమకి పోతుంది. మొదటిది టర్న్, రెండోది ఫేడ్. చాలా డిస్కుల మీద అచ్చేసే నాలుగు అంకెల్లో చివరి రెండూ ఇవే. ముందు రెండూ స్పీడ్ (ఎంత జోరుగా విసరాలి), గ్లైడ్ (ఎంత బాగా తేలుతుంది). చిట్టిది ఎడమచేతి వాటం కాబట్టి తనకి కుడి ఎడమలు మారిపోతాయి.

ఇక బరువు. కాటా చెప్పేది ఎంత బరువుందో మాత్రమే. ఆ బరువు ఎక్కడుందో అది చెప్పదు. ఈ ఉత్తరంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. రెండు అట్టముక్కలు గుండ్రంగా, ఒకే కొలతలో కత్తిరించండి. ఒకదానికి ఎనిమిది రూపాయి బిళ్ళలు నడుమ టేపుతో అతికించండి, ఇంకోదానికి ఎనిమిదీ అంచు చుట్టూ సమదూరంలో అతికించండి. సరిగ్గా మధ్యలో పెన్సిల్ గుచ్చి బొంగరంలా తిప్పండి. అంచున బిళ్ళలున్నది కదలటానికి మొరాయిస్తుంది. కదిలిందంటే మాత్రం ఆగటానికీ మొరాయిస్తుంది. మధ్యనుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్న గ్రాము కంటే 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్న గ్రాముకి ఈ మొండితనం నాలుగింతలు. బరువంతా సమంగా పరిచిన పళ్ళేనికీ, అదే బరువు, అదే వెడల్పు ఉన్న పల్చటి కడియానికీ తేడా సరిగ్గా రెండింతలు. మన కుమ్మరులు కర్రతో తిప్పే సారెకి అంచు అంత బరువుగా ఎందుకుంటుందో ఇప్పుడు తెలిసింది కదా? ఒక్కసారి తిప్పితే కుండ పని అయ్యేదాకా తిరగాలి మరి.

నల్ల అంచు డిస్కుది అదే సూత్రం. మిషిగన్‌లోనే 2010లో ఎంవీపీ అనే కంపెనీ ఇలాంటివి మొదలుపెట్టింది. నడుమ భాగం తేలిక ప్లాస్టిక్‌తో పోసి, దాని చుట్టూ బరువైన ప్లాస్టిక్ అంచుని రెండోసారి పోస్తారు. గాలి అంతే ఒత్తిడి పెట్టినా ఇది తొందరగా పక్కకి వాలదు. వేలితో తడిమి చూడండి, రెండు ప్లాస్టిక్‌లు కలిసిన చోట సన్నటి గీత తగులుతుంది.

అయినా బరువు పంపకమే సర్వస్వం అనుకోకండి. నన్నడిగితే ముందు చూడాల్సింది అంచు ఆకారం. 1983లో డేవ్ డునిపేస్ అంచుని వాలుగా చెక్కినట్టు చేసిన డిస్కు తెచ్చాకే ఈ ఆటలో దూరాలు పెరిగాయి. అంతకుముందు ఫ్రిస్బీల్లాంటి గుండ్రటి అంచులే.

బుజ్జీ, నీ ప్రశ్నకి అసలు జవాబు నా పాత పనిలో ఉంది. నేను బాలానగర్‌లో ముప్పై ఏళ్ళు ఇంజెక్షన్ మౌల్డింగ్ మెషీన్ల మీద పనిచేశాను. ఒకసారి షిఫ్టు లెక్క అందదేమోనన్న టెన్షన్‌తో డబ్బా మూతల్ని అచ్చులో పూర్తిగా చల్లారనివ్వకుండా తీసేశాను. తెల్లారేసరికి సగం మూతలు నడుమ ఉబ్బి డబ్బాలకి పట్టలేదు. అచ్చు అదే, దానా (కరిగించే ప్లాస్టిక్ గుళికలు) అదే, బరువు కూడా అదే. ప్లాస్టిక్ చల్లారుతూ ముడుచుకుంటుంది. ఏ ప్లాస్టిక్ ఎంత ముడుచుకుంటుంది, ఎంత సేపట్లో చల్లారుతుంది అన్నదాన్ని బట్టి తుది రూపు మారుతుంది. డిస్కులదీ అదే కథ.

నీలంది ఖరీదైన యూరిథేన్ అనే ప్లాస్టిక్ రకం, ఎర్రది చవక ప్లాస్టిక్ రకం. రెండిటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, కళ్ళు బల్ల ఎత్తుకి దించి చూడండి. నీలం దాని వీపు దాదాపు చదునుగా ఉంటుంది, ఎర్రది కాస్త బోర్లించిన మూకుడులా ఉబ్బి ఉంటుంది. ఉబ్బు ఉన్నది మామూలుగా ఎక్కువ సేపు తేలుతుంది. తర్వాత అంచు మొనని, అంటే అంచు అన్నిటికంటే బయటికి పొడుచుకొచ్చిన చోటుని, గోరుతో తడమండి. నీలం దాని మొన బల్లకి కాస్త ఎత్తులో ఉంటుంది, ఎర్రది దిగువన ఉంటుంది. మొన ఎత్తుగా ఉన్న డిస్కు కుడికి వాలటానికి ఒప్పుకోదు, త్వరగా ఎడమకి దిగుతుంది. పైగా ఎర్రది మూడేళ్ళుగా చెట్లకి కొట్టుకుంటోంది. దాని అంచు నిండా గాట్లే. దెబ్బలు తిన్నకొద్దీ మొన అరిగి కిందికి వస్తుంది, ఇంకా తేలిగ్గా కుడికి తిరుగుతుంది. కొత్తప్పుడు అదీ తిన్నగానే పోయేది.

మొత్తం బరువు సంగతి కొంచెమే చెప్తాను. ఆట నియమాలు చూసే పీడీజీఏ లెక్క ప్రకారం డిస్కు వెడల్పు ఒక్కో సెంటీమీటరుకి 8.3 గ్రాములకి మించకూడదు. 21.2 సెంటీమీటర్ల డిస్కుకి అది దాదాపు 176 గ్రాములు. అదే ఆకారంలో 150 గ్రాములది విసిరితే గాలి నెట్టేది అంతే, ఎదురు నిలిచే బరువు తక్కువ. కాబట్టి ఎక్కువ వాలుతుంది. చెయ్యి ఇంకా ఎదుగుతున్న పిల్లలకి అది మంచిదే, తక్కువ బలంతోనే డిస్కు ఎగురుతుంది. ఇన్నోవా అనే డిస్కుల కంపెనీ వాళ్ళు బ్లిజార్డ్ అనే ప్లాస్టిక్‌లో సన్నటి గాలి బుడగలు కలిపి బరువు తగ్గిస్తారు. డిస్కులో ప్లాస్టిక్ మందంగా ఉండేది అంచులోనే కాబట్టి తగ్గేదీ ఎక్కువగా అంచు బరువే. చిట్టికి అలాంటిది ఒకటి వచ్చే నెల పంపుతాను.

గాలికి ఎదురు నిలబడి ఎర్రది విసరకండి. ఎదురుగాలిలో డిస్కు ఉన్న జోరు కంటే ఎక్కువ జోరులో పోతున్నట్టే లెక్క, బుజ్జి విసిరితే కుడికి తిరిగి నేల మీద దొర్లుతుంది. ఎదురుగాలికి నీలంది, వెనకగాలికి ఎర్రది. నల్ల అంచుది రెండు వైపులా విసిరి, ఎటు ఎన్ని అడుగులు పక్కకి పోయిందో కొలిచి నాకు ఫోన్లో చెప్పండి.

మే నెల ఎండలో వీటిని మేడ మీద గానీ కారులో గానీ వదలకండి. వంకర పోతే గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచి, వంపు సరిచేసి, చదునైన బల్ల మీద బోర్లించి చల్లారేదాకా కదపకండి.

ప్రేమతో,
తాతయ్య