టెన్షన్‌కు సుగంధ తైలాలు: అపోహలు - వాస్తవాలు

"అక్కా, ఇది రెండు చుక్కలు రాసుకుంటే టెన్షన్ పోతాదా?"

కడపలో నా గదికి వచ్చేవాళ్లు ఫోన్‌లో ఏదో సీసా ఫొటో చూపించి మొదట అడిగేది ఇదే. పదకొండేళ్లుగా మర్దన, అరోమాథెరపీ చేస్తున్నా, ఈ సీసాలు అమ్ముతాను కూడా, అయినా నా జవాబు మారదు. పోదమ్మా, కాసేపు తగ్గుతుంది, ఆ కాసేపట్లో నువ్వేం చేస్తావో చూసుకో అంటాను. ఈ మాట విని కొందరు సీసా కొనకుండానే వెళ్లిపోతారు. పోనీలే.

అపోహ: ఇది మందే, జబ్బును లోపలి నుంచి నయం చేస్తుంది

వాసన ముక్కు పైభాగంలోని నరాలకు తగలగానే ఆ కబురు మెదడులో భయాన్ని, జ్ఞాపకాలను చూసుకునే భాగాలకు (అమిగ్డలా, హిప్పోక్యాంపస్) దగ్గరి దారిలో చేరిపోతుంది. చూపూ వినికిడీ అయితే ముందు థలమస్ అనే జంక్షన్‌లో ఆగి వెళ్లాలి, వాసనకు ఆ పని లేదు. అందుకే మరువం వాసన రాగానే ఎప్పుడో పోయిన జేజి కళ్లముందు నిలబడుతుంది. ఇంతవరకూ నిజం. నయం చేయడం దగ్గరే పేచీ. పరీక్షల్లో కనిపించిన ఉపశమనం ఎక్కువగా తాత్కాలికమే, అందులో నూనె పాలు ఎంత, మర్దన పాలు ఎంత, నమ్మకం పాలు ఎంత అని విడదీయడం కూడా కష్టమే, ఎందుకంటే లావెండర్ పీలుస్తున్నట్టు మనిషికి తెలియకుండా లావెండర్ పీల్పించడం ఎవరి తరం?

జర్మనీలో లావెండర్ నూనెతో చేసిన 80 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌ను ఆందోళనకు వాడతారు, దాని మీద పద్ధతిగా చేసిన పరీక్షలూ ఉన్నాయి. అది ఎక్కడో చదివి మొన్న ఒకాయన సీసాలో నూనెనే టీలో వేసుకుని తాగుతున్నానన్నాడు. అన్నా, క్యాప్సూల్ వేరు, ఇది వేరు. తాగొద్దు.

నేను చేయించేది చాలా చిన్న పని. రుమాలు మీద ఒక్క చుక్క వేసి, నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి, ఇలా ఐదు నిమిషాలు. నిదానంగా ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం తగ్గుతుంది, నూనె లేకపోయినా తగ్గుతుంది. మరి నూనె ఎందుకు అంటారా, ఉత్తగా ఊపిరి పీల్చుకోమంటే ఎవరూ పీల్చుకోరు. మంచి వాసన ఉంటే కూర్చుని పీలుస్తారు.

అపోహ: టెన్షన్‌కు లావెండరే వాడాలి

పోటీ పరీక్షలకు చదువుతున్న ఒక అమ్మాయి వచ్చింది. రుమాలు మీద లావెండర్ వేసిచ్చాను, ముఖం అదోలా పెట్టింది. "అక్కా, ఇది మా హాస్టల్ బాత్రూమ్ వాసన." అక్కడ కడిగే ద్రావణం ఆ వాసనదేనట! ఇంక ఆ పిల్లకు లావెండర్‌తో మనసు ఎలా కుదుటపడుతుంది? వట్టివేరు ఇచ్చాను, ఫరవాలేదంది. చివరికి మట్టి అత్తరు, అంటే వానకు తడిసిన నేల వాసన ఉండేది, మూత తీసి ముక్కు దగ్గర పెట్టాను. భుజాలు రెండూ చెవుల దగ్గర బిగుసుకుని ఉన్నవి మెల్లగా కిందికి దిగాయి, కాసేపు మాటలేదు. తర్వాత "మా నాయన విత్తనం వేసే రోజు" అంది. అనంతపురం వైపు పల్లెలో శనక్కాయ పండించే ఇల్లు వాళ్లది, వాన కోసం జూన్ అంతా ఆకాశం చూసే ఇల్లు. ఆ వాసనకు ఆ పిల్ల దగ్గర ఉన్న విలువ నా లావెండర్‌కు ఎక్కడినుంచి వస్తుంది?

పట్టింపుగా చూస్తే ఆ మట్టి వాసనది ఎసెన్షియల్ ఆయిల్ (మొక్క నుంచి తీసిన సుగంధ తైలం) కాదు, అత్తరు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని డేగ్ అనే రాగి బానలో నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని చందనం నూనెలోకి దింపుతారు. చందనం ధర అందకుండా పోయాక పారాఫిన్‌లోకి దింపేవాళ్లూ ఎక్కువయ్యారు, కాబట్టి ఒంటికి రాసుకోకుండా వాసన చూడటానికే ఉంచుకోమంటాను.

అపోహ: సహజమైనది కాబట్టి హాని చేయదు

దీనికి నా మెడే సాక్ష్యం. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో బెర్గమాట్ నూనె, అంటే ఒక రకం నారింజ జాతి కాయ తొక్క నుంచి పిండినది, వాసన బాగుందని మెడకు రెండు వైపులా అలాగే రాసుకుని మే నెల ఎండలో స్కూటర్ మీద ప్రొద్దుటూరు పోయాను. రాత్రికి మంట మొదలైంది, రెండో రోజుకు ఎర్రగా పొంగింది, ఆ తర్వాత నూనె కారిన దారి దారంతా నల్లటి చారలు పడ్డాయి. వచ్చినవాళ్లకు ఒంటికి నూనె రాసే మనిషిని, నెలల తరబడి మెడకు చున్నీ చుట్టుకుని తిరిగాను. ఆ నూనెలో ఉండే బెర్గాప్టెన్ అనే పదార్థం ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తుంది. గానుగలో ఆడినట్టు తొక్క నుంచి పిండిన నిమ్మనూనెలోనూ అలాంటి గుణం ఉంటుంది. మన ఎండలకు ఇవి పగలు రాసుకునేవి కావు.

ఒంటికి రాసుకోవాలంటే మామూలు నూనెలో కలిపే లెక్క ఇదీ. 30 మిల్లీలీటర్ల మామూలు నూనెకు 12 చుక్కలు, అంటే దాదాపు 2 శాతం. ముఖానికైతే 6 చాలు. మామూలు నూనె అంటే ఖరీదైన జొజోబానే కానక్కర్లేదు, గానుగలో ఆడించిన నువ్వుల నూనె బంగారం లాంటిది. బకెట్ నీళ్లలో చుక్కలు వేసుకుంటే కలవవు, పైన తేలి నేరుగా ఒంటికి అంటుకుంటాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. పసిపిల్లలకు జలుబు చేసిందని ముక్కు దగ్గర నీలగిరి తైలం, కర్పూరం రాయొద్దు. పొరపాటున కొంచెం మింగినా ఫిట్స్ రావచ్చు. మూర్ఛ ఉన్న పెద్దవాళ్లు కూడా ఈ రెండింటికీ దూరంగా ఉండాలి. గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే నా దగ్గరికి రావాలి. ఇంట్లో పిల్లి ఉంటే డిఫ్యూజర్ (నూనె వాసనను గదంతా చల్లే పరికరం) వద్దు, దాని కాలేయం వీటిని తట్టుకోలేదు.

అపోహ: ఎక్కువ చుక్కలు వేస్తే ఎక్కువ పనిచేస్తుంది

డిఫ్యూజర్ పెట్టిన పావుగంటకల్లా ముక్కు అలవాటు పడి వాసన తెలియదు, నూనె అయిపోయిందేమోనని ఇంకో నాలుగు చుక్కలు వేస్తారు. తర్వాత తలనొప్పి అని నాకే ఫోన్. మూడు నాలుగు చుక్కలు, అరగంట, కిటికీ తెరిచి. అంతే.

అపోహ: మన ఎర్రచందనం నూనె మనసుకు మంచిది

ఇది కడప స్పెషల్. శేషాచలం, లంకమల అడవుల్లో పుట్టే ఎర్రచందనానికి లోకమంతా పేరుంది కదా, దాని నూనె ఎంత బాగుంటుందో అనుకుంటారు. దానికి చెప్పుకోదగ్గ వాసనే లేదు! రంగుకు, చెక్కపనికి పనికొచ్చే చెట్టు అది, పైగా చట్టం కాపలా ఉన్న చెట్టు. వాసన నూనె ఇచ్చేది శ్రీగంధం, వేరే జాతి. "ఎర్రచందనం ఎసెన్షియల్ ఆయిల్" అని సీసా మీద ఉంటే అక్కడే పెట్టేసి రండి.

అపోహ: "థెరప్యూటిక్ గ్రేడ్" అని ఉంటే అసలైనది

అలాంటి గ్రేడు ప్రభుత్వం ఇచ్చేది కాదు, అమ్మేవాళ్లు రాసుకునేది. చెట్టు శాస్త్రీయ నామం, బ్యాచ్ నంబరు ఉన్నాయా చూడండి, జీసీ-ఎంఎస్ రిపోర్ట్ (నూనెలో ఏయే పదార్థాలు ఉన్నాయో చెప్పే ల్యాబ్ పరీక్ష) అడగండి. ధర కూడా చెప్పేస్తుంది. ఒక కిలో గులాబీ నూనెకు 3 నుంచి 5 టన్నుల రేకలు కావాలి, అది 150 రూపాయలకు 10 మిల్లీలీటర్లు ఎలా వస్తుంది? కదిరి మల్లెల వాసన కూడా ఆవిరితో సరిగ్గా దిగదు, ద్రావకంతో లాగాలి, అదీ ఖరీదే. కాగితం మీద చుక్క వేసి మరక చూసే పద్ధతిలో వంటనూనె కల్తీ దొరుకుతుంది, కృత్రిమ సువాసన దొరకదు. పైగా చందనం, వట్టివేరు లాంటి చిక్కటి నూనెలు స్వచ్ఛమైనవైనా మరక వదులుతాయి.

మంచిదే కొన్నారనుకోండి, దాన్ని కారు డ్యాష్‌బోర్డ్‌లో పెట్టకండి. వేడికీ వెలుతురుకూ నిమ్మజాతి నూనెలు, టీ ట్రీ పాడై చర్మానికి దురద తెప్పిస్తాయి. ముదురు రంగు గాజు సీసా, ఫ్రిజ్ తలుపు.

అపోహ: ఇదుంటే డాక్టర్ అక్కర్లేదు

ఒకావిడ నెలలో మూడోసారి సీసాకు వచ్చింది. నిద్ర లేదు, అన్నం సయించదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదంది. సీసా ఇవ్వలేదు. బిల్లు పుస్తకంలో కాగితం చించి 14416 అని రాసిచ్చాను. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, 24 గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు అడగరు. ఆ రోజు "నాకేమన్నా పిచ్చా?" అని కోపంగా వెళ్లిపోయింది. రెండు నెలలకు భుజాల మర్దనకని మళ్లీ వచ్చింది, డాక్టర్ రాసిన మాత్రలు వాడుతోంది. ఆ చీటీ నా ముందు పెట్టి, ఈ నూనె వీటితో పడుతుందా అని అడిగింది. చీటీ మడిచి ఆమె చేతికే ఇచ్చి, రాసినాయన్నే అడిగి రమ్మన్నాను.