రియాక్టర్ లేదు సరే, ఆ కరెంటు ఎక్కడిది?

గ్రిడ్ కంట్రోల్ రూమ్‌లో పనిచేసేవాళ్లం మేం. అణు విద్యుత్తు మంచిదా చెడ్డదా అనేది మా బోర్డు మీద కనిపించదు. లోడ్ (ఆ క్షణంలో వాడకం) ఎంత, ఏ లైన్‌లో ఎటు ఎంత పారుతోంది, అంతే. అందుకే కొన్ని మాటలు వింటే నోరు ఊరుకోదు.

అపోహ: రియాక్టర్లు మూసేసిన దేశం అణు కరెంటు వాడదు.

వాస్తవం: ఇటలీని చూడండి. 1987లో జనం ఓటు వేసి వద్దన్నారు, 1990కల్లా చివరి రియాక్టర్లు ఆగిపోయాయి, 2011లో మళ్లీ వద్దన్నారు. అయినా ఆల్ప్స్ మీదుగా ఫ్రాన్స్, స్విట్జర్లాండ్‌ల నుంచి కరెంటు వస్తూనే ఉంది. ఫ్రాన్స్ ఉత్పత్తిలో మూడింట రెండు వంతులు, స్విట్జర్లాండ్‌లో మూడో వంతు అణు కేంద్రాలదే.

2003 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున మూడు దాటాక, స్విట్జర్లాండ్‌లో ఒక లైన్ చెట్టుకు దగ్గరై ట్రిప్ అయింది. దాని భారం మిగతా లైన్ల మీద పడి అవీ ఒక్కొక్కటే పోయాయి. నిమిషాల్లో సార్డీనియా తప్ప ఇటలీ మొత్తం చీకటి. ఆ సమయానికి ఆ దేశపు లోడ్‌లో నాలుగో వంతు బయటిదే. అందరూ నిద్రపోయే వేళ అంత కొనడం ఎందుకంటే, రాత్రి చవక. రియాక్టర్‌ను పొద్దుగూకగానే ఆపి తెల్లారి వేసే పని ఉండదు కాబట్టి, మిగులు తక్కువ ధరకే దొరుకుతుంది. అప్పటి లోడ్ సుమారు 27,000 మెగావాట్లు. అందులో 3,500 దాకా నీళ్లను పై రిజర్వాయర్లకు ఎక్కించే పంపులకే పోతోంది. ఆ నీళ్లు పగలు కిందికి దిగి కరెంటు ఇస్తాయి. చూసేవాళ్లకు అది జల విద్యుత్తే!

అపోహ: మేం జల విద్యుత్తుకే ఒప్పందం చేసుకున్నాం, అదే వస్తుంది.

వాస్తవం: ఒప్పందం డబ్బును నడిపిస్తుంది, కరెంటును కాదు. అది తనకు అడ్డు తక్కువున్న దారుల్లో పంచుకుని పోతుంది. ఆస్ట్రియా కట్టి సిద్ధం చేసిన జ్వెంటెన్‌డార్ఫ్ అణు కేంద్రాన్ని 1978 నవంబర్ 5 ఓటింగ్‌లో 50.5 శాతం వద్దనడంతో ఒక్కరోజూ నడపలేదు. కానీ పక్కనున్న చెక్ గ్రిడ్‌లో డుకోవనీ, టెమెలిన్ అణు కేంద్రాలు తిరుగుతూనే ఉన్నాయి. రెండు దేశాల గ్రిడ్లూ కలిసి ఒకే ఫ్రీక్వెన్సీతో, అంటే సెకనుకు 50 ఆవర్తనాల (50 హెర్ట్జ్) లయతో నడుస్తాయి. యూనిట్ కొన్నా కొనకపోయినా ఆ బరువైన టర్బైన్లు ఫ్రీక్వెన్సీని నిలబెట్టడంతో ఆస్ట్రియాకూ సాయం అందుతుంది.

క్రొయేషియాది ఇంకో రకం. సొంత నేల మీద రియాక్టర్ లేదు, స్లొవేనియాలోని క్రష్కో కేంద్రంలో మాత్రం సగం వాటా ఉంది.

అపోహ: అయితే అన్ని దేశాలూ అణు కరెంటు మీదే బతుకుతున్నాయి.

వాస్తవం: ఇది అవతలి పక్షం వాళ్ల, అంటే అణు విద్యుత్తును సమర్థించేవాళ్ల అతి. ఐస్‌లాండ్, న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలకు బయటి గ్రిడ్‌తో లైనే లేదు. లైన్ ఉన్నచోట కూడా వాడటం వేరు, ఆధారపడటం వేరు. 2023 ఏప్రిల్ 15న చివరి మూడు రియాక్టర్లు ఆపేశాక జర్మనీ దిగుమతులు పెరిగిన మాట నిజమే. సొంత బొగ్గు, గ్యాస్ కేంద్రాలు ఉన్నా పక్కవాళ్ల కరెంటు చవగ్గా దొరికిన గంటల్లో కొంటుంది. ఆ లైన్ తెగితే దీపాలు ఆరతాయా, బిల్లు పెరుగుతుందా? నేనైతే ముందు అదే అడుగుతాను.

అపోహ: కరెంటు తెచ్చుకోకపోతే రియాక్టర్‌తో పనే లేదు.

వాస్తవం: ఇది మా శాఖ కాదు గానీ చెప్పక తప్పదు. గుండె, ఎముకల స్కాన్లలో ఎక్కువగా వాడే టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం ఆరు గంటల్లో సగమైపోతుంది. దాని మూలమైన మాలిబ్డినం-99కి 66 గంటలు. సోమవారం తయారైన దానిలో శుక్రవారానికి మూడో వంతుకు కాస్త ఎక్కువ మిగులుతుంది, కాబట్టి నెలలకు సరిపడా దాచుకోవడం కుదరదు. ప్రపంచానికి కావలసినదాన్ని ప్రధానంగా తయారుచేసేది వేళ్లమీద లెక్కపెట్టగలిగిన పరిశోధన రియాక్టర్లే. 2009 మేలో కెనడాలో చాక్ రివర్‌లోని పాత రియాక్టర్ లీకై ఏడాదికి పైగా ఆగితే, ఎన్నో దేశాల ఆసుపత్రులు స్కాన్లు వాయిదా వేసుకున్నాయి. అణు విద్యుత్ కేంద్రమే లేని ఆస్ట్రేలియా సిడ్నీ శివారు లూకస్ హైట్స్‌లో ఓపల్ రియాక్టర్ నడుపుతోంది. దాని పనుల్లో ఈ మాలిబ్డినం-99 తయారీ కూడా ఒకటి.