స్క్విడ్ నరం నుంచి మందు మోతాదు దాకా

కొత్త మందును మనుషులకు ఇచ్చే ముందు కంప్యూటర్‌లోని గుండెకణం మీద దాని ప్రభావాన్ని చూసే పద్ధతి ఒకటి ఇప్పుడు వాడుకలో ఉంది. ఆ గుండెకణానికి మూలమైన సమీకరణాలు మాత్రం మందుల కోసం పుట్టినవి కావు.

1952లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ స్క్విడ్ అనే సముద్రజీవి నరంలో విద్యుత్ సంకేతం ఎలా పుడుతుందో లెక్కల్లో రాశారు. అప్పట్లో విశ్వవిద్యాలయం కంప్యూటర్ పనిచేయకపోవడంతో, హక్స్‌లీ చేత్తో తిప్పే యంత్రం మీదే ఆ లెక్కలన్నీ చేశారు. 1960లో డెనిస్ నోబుల్ అదే పద్ధతిని గుండెకణాలకు మలిచారు. లండన్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ మీద ఆయనకు దొరికిన సమయం అర్ధరాత్రి దాటాక రెండు నుంచి నాలుగు గంటల దాకా!

ఆ తర్వాత దశాబ్దాల పాటు కణాల పనితీరును సమీకరణాల్లో చూపే ఈ నమూనాలు విశ్వవిద్యాలయాల్లోనే పెరిగాయి. కంప్యూటర్లు చాలకపోవడమే కారణమని అంటుంటారు కానీ, నాకైతే అది సగం నిజమే అనిపిస్తుంది. ప్రొఫెసర్‌కు కావాల్సింది ‘ఇది ఎలా పనిచేస్తుంది?’ అన్న ప్రశ్నకు జవాబు. కంపెనీకి కావాల్సింది ‘ఎంత ఇవ్వాలి, ఎన్నిసార్లు ఇవ్వాలి?’ అన్నదానికి. ఒకరి ప్రశ్నతో ఇంకొకరికి పని పడలేదు.

పని పడేలా చేసింది ఓ అలర్జీ మాత్ర. టెర్ఫెనడిన్‌ను కొన్ని ఫంగస్ మందులతోనో యాంటీబయోటిక్స్‌తోనో కలిపి వాడినప్పుడు కాలేయం దాన్ని విడగొట్టలేకపోయేది. రక్తంలో పేరుకుపోయిన మందు గుండెకణాల్లో ‘హెర్గ్’ అనే పొటాషియం ఛానెల్‌ను, అంటే కణం పొరలో పొటాషియం దాటే దారిని మూసేసి, ప్రాణాంతకంగా గుండె లయ తప్పించేది. 1998కల్లా అది అమెరికా మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. 2005లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల తర్వాత కొత్త మందులకు హెర్గ్ పరీక్ష తప్పనిసరి తంతుగా మారింది.

ఇక్కడే కొత్త చిక్కు వచ్చింది. బీపీకి వాడే వెరాపమిల్ కూడా హెర్గ్‌ను అడ్డుకుంటుంది, కానీ ఆ రకంగా లయ తప్పించదు. అదే సమయంలో కాల్షియం ఛానెల్‌ను కూడా మూయడంతో రెండు ప్రభావాలూ దాదాపు సరితూగుతాయి. ఒక్క ఛానెల్‌నే చూసి తీర్పు చెబితే మంచి మందులనూ పారేసుకుంటాం. అన్ని ఛానెళ్ల లెక్కనూ ఒకచోట కలిపి చూడాలంటే నోబుల్ తరహా నమూనా కావాలి. మందులు గుండె లయ తప్పించే ముప్పును అంచనా వేయడానికి 2013లో మొదలైన ‘సీపా’ అనే ప్రయత్నం అందుకోసం ఎంచుకున్నది, 2011లో మనుషుల గుండె కణజాలం నుంచి సేకరించిన కొలతలతో ఒహారా, రూడీ బృందం కట్టిన నమూనానే.

మధుమేహంలో దారి ఇంత వంకరగా లేదు. చక్కెర, ఇన్సులిన్ల మీద 1979లో బెర్గ్‌మన్, కొబెల్లీ తదితరులు ప్రచురించిన చిన్న నమూనా తర్వాత ఆ రంగంలో పని సాగుతూ వచ్చింది. 2008లో వర్జీనియా, పాడువా విశ్వవిద్యాలయాలు 300 మంది వర్చువల్ రోగులతో తయారుచేసిన సిమ్యులేటర్‌ను అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. ఇన్సులిన్‌ను దానంతటదే అందించే పరికరం, అంటే కృత్రిమ క్లోమం ప్రోగ్రామ్‌లను జంతువుల మీద కాకుండా దాని మీదే పరీక్షించవచ్చంది.

మరి కొన్నాళ్లకు లెక్క ఎఫ్‌డీఏ చేతిలోకే వెళ్లింది. రక్తంలో కాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ హార్మోన్ మందు నాట్‌పారా అనుమతికి వచ్చినప్పుడు, 2010లో ప్రచురితమైన ఎముక-కాల్షియం నమూనాను అక్కడి సమీక్షకులే నడిపి చూశారు. రోజుకు ఒక్క ఇంజెక్షన్ సరైన పద్ధతి కాకపోవచ్చని తేలింది. 2015 జనవరిలో అనుమతి ఇస్తూనే, మోతాదు మీద మరో ట్రయల్ చేయాలని కంపెనీకి షరతు పెట్టారు.