నెత్తుటి కథలోకి నవ్వు ఎలా వచ్చింది?

తెర మీద కత్తి లేచిన క్షణంలోనే హాలంతా గొల్లుమంటే, ఇదేదో కొత్త పోకడ అనుకుంటాం. కృష్ణా తీరంలో ఆ అలవాటు చాలా పాతది. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం ముదురుతున్న వేళ హాస్య పాత్రలైన కేతిగాడు, బంగారక్క తెర మీదికి దూకేవారు. వాళ్ల మోటు సరసానికి పొట్ట చెక్కలయ్యేలా నవ్విన జనం మళ్లీ యుద్ధంలో లీనమయ్యేవారు. అయితే కథ ఆగితే తప్ప కేతిగాడికి చోటు ఉండేది కాదు. మన సినిమా కూడా చాలాకాలం అదే దారిలో నడిచింది: హీరో పగ ఒక వైపు, హాస్యనటుల అల్లరి మరో వైపు.

విజయవాడలో 1921 నాటికే మారుతి సినిమా హాలు వెలిసింది. తర్వాత ఊళ్లోని గాంధీనగర్ సినిమా పంపిణీ సంస్థలకు నెలవైంది. కానీ ఈ ఊరు తెలుగు తెరకు ఇచ్చిన వాటిలో బరువైనది, దాని సొంత గాయం. కార్మిక సంఘాలు, విద్యార్థి ఎన్నికలు, వీధుల మీద పట్టు కోసం వర్గాల పోరు. 1988 డిసెంబరు 26న ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా నిరాహార దీక్షలో ఉండగా హత్యకు గురయ్యారు. ఊరు తగలబడింది, కర్ఫ్యూ పడింది.

పది నెలలు తిరగకముందే, 1989 అక్టోబరు 5న 'శివ' విడుదలైంది. దర్శకుడు రామ్ గోపాల్ వర్మ ఇక్కడి సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చదివినవారే. సైకిల్ చెయిన్ చేతికి చుట్టుకున్న కుర్రాడిని చూసినప్పుడు, దెబ్బ తగిలితే నొప్పి పుడుతుందని ప్రేక్షకుడు నమ్మాడు. నా దృష్టిలో తర్వాత వచ్చిన నవ్వుకు పునాది ఆ నమ్మకమే.

1991లో అదే దర్శకుడు 'క్షణక్షణం' తీశారు. దోపిడీ సొమ్ము కోసం వెంటపడే ముఠా నిజంగానే ప్రాణం తీయగలదు. అడవిలో చిక్కుకున్న శ్రీదేవి పాత్ర బెదురు చూసి మనం నవ్వుతాం, మరుక్షణం ఆమె కోసం భయపడతాం. ఇక్కడ కేతిగాడి కోసం కథ ఆగలేదు. భయపడుతున్న మనిషే నవ్వించింది. ఈ మలుపు ఎంత పెద్దదో మనం ఇప్పటికీ సరిగా గుర్తించలేదు.

1993లో వర్మ నిర్మించగా శివనాగేశ్వరరావు తీసిన 'మనీ' మరో అడుగు వేసింది. డబ్బు కోసం ఇద్దరు నిరుద్యోగులు ఒకాయన భార్యను ఎత్తుకుపోతారు. ఆమె తిరిగి రావడం ఆ భర్తకే ఇష్టం లేదు. సినిమా హీరో కావాలని కలలు కనే రౌడీ ఖాన్ దాదాగా బ్రహ్మానందాన్ని జనం నేటికీ తలచుకుంటారు. ఖాన్ దాదా నవ్వించడానికే వచ్చినా, దారి తప్పిన అతిథిలా కాక ఆ నేరకథలోనే తిరిగే మనిషిలా ఉంటాడు.