రెండు వారాల మిషన్: ఇంతకీ ఎవరి కోసం?

క్రైస్తవ మిషనరీ విలియం కేరీ 1793 జూన్‌లో ఇంగ్లండ్‌లో ఓడెక్కితే బెంగాల్ చేరేసరికి నవంబరు వచ్చింది. భారతీయుల్లో ఆయన చేతుల మీదుగా తొలి బాప్తిస్మం 1800 డిసెంబరులో, కృష్ణపాల్ అనే వడ్రంగికి జరిగింది. అంటే ఏడేళ్లకు ఒకరు. కేరీ మళ్లీ సొంత దేశం ముఖం చూడలేదు, 1834లో శ్రీరాంపూర్‌లోనే పోయాడు. ఇప్పుడు చర్చి యూత్ గ్రూపు ఒక శనివారం విమానమెక్కి, రెండు వారాలు తిరక్కముందే ఇంటికొచ్చి, ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెబుతోంది. దీన్నీ మిషన్ అనే అంటున్నాం, దాన్నీ మిషన్ అనే అంటున్నాం. చిక్కంతా ఇక్కడే మొదలైంది.

కుర్రాళ్లను మిషన్‌కు పంపడం కొత్త సంగతి కాదు. 1886 వేసవిలో అమెరికాలోని మౌంట్ హెర్మన్‌లో సువార్త ప్రసంగీకుడు డి.ఎల్. మూడీ పెట్టిన సదస్సుకు 251 మంది విద్యార్థులొచ్చారు. ముగిసేసరికి వాళ్లలో వందమంది విదేశీ సేవకు పేర్లిచ్చారు. అందులోంచే 1888లో స్టూడెంట్ వాలంటీర్ మూవ్‌మెంట్ రూపం కట్టింది. తర్వాతి దశాబ్దాల్లో అది 20,000 మందికి పైగా మిషనరీలను బయటి దేశాలకు చేర్చింది. అయితే అప్పట్లో పేరివ్వడమంటే బతుకంతా రాసివ్వడమే. వెళ్లేవాడు ముందు భాష నేర్చుకోవాలి, అక్కడే ఇల్లు కట్టుకోవాలి, చాలాసార్లు అక్కడే సమాధి కావాలి.

అంత త్యాగంలోనూ ఒక లోటుందని ఎత్తిచూపినవాడు మనవాడే. తిరునెల్వేలి నుంచి దోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని పనిచేస్తున్న వి.ఎస్. అజరయ్య 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో లేచి మాట్లాడాడు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అన్నది ఆయన మాటల సారం. సభలో కొందరికి అది మింగుడుపడలేదు. వందేళ్లు దాటినా ఆ మాటకు పదును తగ్గలేదు.

తర్వాత రోడ్లొచ్చాయి, విమానాలొచ్చాయి. 1957 వేసవిలో జార్జ్ వర్వర్ అనే కాలేజీ కుర్రాడు ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక పాత ట్రక్కులో స్పానిష్ కరపత్రాలు, సువార్త ప్రతులు వేసుకుని మెక్సికో వెళ్లాడు. యువతను మిషన్‌కు పంపే ఆపరేషన్ మొబిలైజేషన్ సంస్థకు విత్తనం ఆ ప్రయాణమే. 1958లో జెట్ విమానాలు అట్లాంటిక్ మీదుగా తిరగడం మొదలైంది. 1960లో లోరెన్ కన్నింగ్‌హామ్ యూత్ విత్ ఎ మిషన్ సంస్థ పెట్టి, 1964 వేసవిలో వందమందికి పైగా యువతను బహామాస్, డొమినికన్ రిపబ్లిక్‌లకు తీసుకెళ్లాడు. 1961లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ, యువతను విదేశీ సేవకు పంపే ప్రభుత్వ సంస్థ పీస్ కోర్‌ను ప్రారంభించాక, చదువుకునే వయసులో కొన్నాళ్లు బయటి దేశంలో సేవ చేసి రావడమనే ఆలోచన చర్చి బయట కూడా గాలిలో ఉంది. సెలవుల్లో వెళ్లిరావడం అలా అలవాటుగా మారింది.

ఆ మార్పులోనే ఇంకో మార్పు చప్పుడు కాకుండా జరిగిపోయింది. మొదట్లో, వీళ్లలో కొందరైనా జీవితకాల మిషనరీలవుతారన్నది లెక్క. వర్వర్ విషయంలో అది అక్షరాలా నిజమైంది, 2023లో చనిపోయేదాకా ఆయనకు అదే పని. కానీ ట్రిప్పులు పెరిగేకొద్దీ, వెళ్లొచ్చిన పిల్లల విశ్వాసం బలపడుతుందన్న మాట ముందుకొచ్చింది. ప్రయోజనం అవతలి ఊరి నుంచి ఇవతలి పిల్లవాడి మీదికి జరిగింది. అందులో తప్పేమీ లేదంటాను. కాకపోతే కానుకలడిగే ఉత్తరంలో మాత్రం ఇప్పటికీ అవతలి ఊరి పేరే ఉంటుంది.

దీన్ని మొహం మీదే అన్నవాడు ఇవాన్ ఇలిచ్. అప్పటికి ఆయన కాథలిక్ గురువు. మెక్సికోలో వేసవి సేవకు సిద్ధమవుతున్న అమెరికన్ విద్యార్థులతో 1968 ఏప్రిల్‌లో మాట్లాడుతూ, చూడటానికి రండి, చదువుకోవడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావద్దని తెగేసి చెప్పాడు. రావడం మాత్రం ఆగలేదు. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వుత్నౌ 2005 నాటి సర్వే ఆధారంగా వేసిన అంచనా ప్రకారం, అమెరికా చర్చిల నుంచే ఏటా దాదాపు 16 లక్షల మంది ఇలా విదేశాలకు వెళ్లారు. వాళ్లలో సగంమంది అక్కడ గడిపింది, ప్రయాణం తీసేస్తే, ఎనిమిది రోజులో అంతకన్నా తక్కువో.

విలువ లెక్కగట్టే ప్రయత్నాల్లో హోండురాస్‌ది మరిచిపోలేనిది. 1998లో మిచ్ తుపాను తర్వాత అక్కడికి ఇళ్లు కట్టడానికి ఉత్తర అమెరికా బృందాలు వరసకట్టాయి. వాటిని పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్త కర్ట్ వెర్ బీక్ చూసిన లెక్క ఇది: స్థానిక సంస్థ ఒక ఇంటిని దాదాపు 2,000 డాలర్లతో కడుతోంది, ఒక్కో బృందం వచ్చిపోవడానికి దాదాపు 30,000 డాలర్లు ఖర్చవుతోంది. విదేశీయులు కట్టిన ఇంట్లో ఉన్నవాళ్లకూ, స్థానికులు కట్టిన ఇంట్లో ఉన్నవాళ్లకూ జీవితంలో పెద్ద తేడా కనిపించలేదు. వెళ్లొచ్చినవాళ్లు తాము ఎక్కువ ఇస్తున్నామని చెప్పుకున్నంతగా విరాళాల లెక్కల్లో పెరుగుదలా కనిపించలేదు.

ఈ లెక్కలోకి రాని ఖర్చు ఇంకోటుంది, అది ఆతిథ్యమిచ్చే సంఘానిది. అక్కడి పాస్టరు వారంపాటు తన పనులు పక్కనపెట్టి అనువాదకుడవుతాడు. ఆయన భార్య పాతికమందికి నీళ్లు కాచి చల్లార్చుతుంది. పిల్లలకు పాటలు నేర్పే స్థానిక టీచరమ్మ ఆ వారం వెనక వరసలో నిలబడుతుంది. ఇంతకన్నా అరవై కుర్చీలు కొనిస్తే బాగుండునని అక్కడెవరైనా అనుకున్నా, అతిథితో పైకి అంటారా?

కొన్నిసార్లు పొరపాటు మూల్యం చాలా పెద్దది. 2007 జూలైలో అఫ్ఘానిస్థాన్ వెళ్లిన దక్షిణ కొరియా చర్చి బృందంలోని 23 మందిని తాలిబన్లు బందీలుగా పట్టుకున్నారు, ఇద్దరిని చంపేశారు. 2010 జనవరిలో హైతీ భూకంపం తర్వాత 33 మంది పిల్లలను సరిహద్దు దాటించబోయిన పదిమంది అమెరికన్ బాప్టిస్టులు అరెస్టయ్యారు. ఆ పిల్లల్లో చాలామందికి కన్నవాళ్లున్నారని తర్వాత తేలింది. మంచి మనసుకు ఆ ఊరి గురించి ఏమీ తెలియకపోతే ఎక్కడిదాకా పోతుందో హైతీలో కనబడింది.

నియమాల ఆలోచన దీనికి ముందే మొదలైంది. బ్రిటన్ మిషన్ సంస్థలు 1997లో, అమెరికా సంస్థలు 2003లో స్వల్పకాలిక మిషన్‌కు ప్రమాణాలు రాసుకున్నాయి. పని ఏమిటో ఆతిథ్యమిచ్చే సంఘంతో కలిసి తేల్చుకోవాలని, వెళ్లేముందు శిక్షణ, వచ్చాక ఫాలో-అప్ తప్పనిసరిగా ఉండాలని వాటి సారాంశం. చేరడం మాత్రం ఎవరిష్టం వాళ్లది. శిక్షణ ఏదో ఒక రూపంలో చాలాచోట్ల జరుగుతోంది. ఫాలో-అప్ దగ్గరికొచ్చేసరికి, ఆదివారం ఫొటోలు చూపించి చప్పట్లు కొట్టించుకున్నాక ఆ ఊరి పాస్టరు నంబరు ఫోన్‌లో అలాగే ఉండిపోతుంది.