చలిలో నడిపే బైకుకు విండ్‌షీల్డ్ తయారీ: అపోహలు – వాస్తవాలు

డిసెంబరు, జనవరి నెలల్లో విశాఖపట్నం నుంచి నర్సీపట్నం మీదుగా లంబసింగికో, అనంతగిరి ఘాట్ మీదుగా అరకుకో తెల్లవారుజామునే బైకు మీద బయలుదేరేవారు చాలామంది ఉంటారు. సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉన్న ఆ ప్రాంతంలో శీతాకాలపు ఉష్ణోగ్రత ఒక్కోసారి 5 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు పడిపోతుంది, దానికి పొగమంచు తోడవుతుంది. అటువంటి ప్రయాణాల కోసం బండికీ, నడిపేవారికీ సరిపోయేలా విండ్‌షీల్డులు కోసి, వంచి, బిగించడం నా వృత్తి. వచ్చేవారిలో చాలామంది ఎంత ఎత్తు, ఎంత మందం కావాలో ముందే నిర్ణయించుకుని వస్తారు. ఆ నిర్ణయాల వెనుక ఉన్న నమ్మకాల్లో కొన్ని డబ్బు వృథా చేస్తాయి, కొన్ని ప్రమాదానికి దారితీస్తాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మంచి జాకెట్టు ఉంటే చాలు, విండ్‌షీల్డ్ కేవలం అలంకారం.

వాస్తవం: చలి తీవ్రతను గాలి ఎంత పెంచుతుందో లెక్కకట్టడానికి అమెరికా, కెనడా వాతావరణ సంస్థలు 2001 నుంచి ఒక సూత్రాన్ని వాడుతున్నాయి. దాని ప్రకారం 5 డిగ్రీల ఉష్ణోగ్రతలో గంటకు 40 కిలోమీటర్ల గాలి తగిలితే, కప్పుకోని ముఖచర్మానికి అది సుమారు మైనస్ 1 డిగ్రీ చలిలా ఉంటుంది. గాలి వేగం 80 కిలోమీటర్లయితే సుమారు మైనస్ 3 డిగ్రీలలా ఉంటుంది. ఆ సూత్రంలో గాలి వేగాన్ని నేల నుంచి 10 మీటర్ల ఎత్తున కొలిచినట్టు తీసుకుని, మనిషి ముఖం ఎత్తులో అది తక్కువగా ఉంటుందని లెక్కవేస్తారు. బైకు మీద వెళ్లేటప్పుడు మాత్రం మన వేగమంతా నేరుగా ముఖానికీ ఛాతీకీ తగులుతుంది కాబట్టి ప్రభావం ఇంకొంత ఎక్కువే ఉంటుంది.

జాకెట్టు ఈ చలిని చాలావరకు ఆపుతుంది, కానీ జిప్పు సందుల్లోంచీ మెడ దగ్గరా చొరబడే గాలిని పూర్తిగా ఆపలేదు, పొగమంచుకు తడిసిన తరువాత దాని వెచ్చదనం బాగా తగ్గిపోతుంది. ఇందులో చాలామంది గమనించని విషయం మరొకటి ఉంది. ఛాతీ, పొట్ట భాగం చల్లబడుతున్నకొద్దీ శరీరం లోపలి వేడిని కాపాడుకోవడానికి చేతివేళ్లకు వెళ్లే రక్తాన్ని తగ్గించుకుంటుంది. మొద్దుబారిన వేళ్లతో క్లచ్, బ్రేకు పట్టడం ఆలస్యమవుతుంది, ఘాట్ మలుపుల్లో ఆ ఆలస్యం చాలా ప్రమాదకరం. ఛాతీకి గాలి తగలకుండా కాపాడే విండ్‌షీల్డ్ ఆ విధంగా వేళ్లకూ మేలు చేస్తుంది. అయితే చేతులకు ఎదురుగా వచ్చే గాలిని అది ఆపదు, దాని కోసం హ్యాండ్‌గార్డులు విడిగా పెట్టుకోవలసిందే.

అపోహ: విండ్‌షీల్డ్ ఎంత ఎత్తుగా ఉంటే అంత వెచ్చగా, అంత సుఖంగా ఉంటుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువగా వినే మాట ఇదే, అన్నిటికంటే ఎక్కువ హాని చేసేదీ ఇదే.

మొదట చూపు సంగతి చూద్దాం. కారుకు ఉన్నట్టు బైకు విండ్‌షీల్డుకు వైపరు ఉండదు. పొగమంచులో పది నిమిషాలు నడిపితే దాని ముందువైపు సన్నని నీటి చుక్కలు పూర్తిగా పరుచుకుంటాయి. విండ్‌షీల్డ్ పై అంచు కంటి మట్టానికి పైన ఉంటే, ఆ చుక్కల్లోంచే దారిని వెతుక్కోవలసి వస్తుంది. ఎదురుగా లారీ హెడ్‌లైట్లు పడితే ప్రతి చుక్కా మెరుస్తుంది, వెనుకవైపు మీటరు దీపాల ప్రతిబింబం కనబడుతుంది, ఆ రెండింటి మధ్య రోడ్డు అంచు మాయమవుతుంది. అందువల్ల నేను ఎవరికి చేసినా, వారు మామూలుగా కూర్చునే భంగిమలో పై అంచు ముక్కు మట్టానికి దగ్గరగా వచ్చేలా, దూరపు రోడ్డును చూసే చూపు ఆ అంచు మీదుగా కొన్ని సెంటీమీటర్ల ఎత్తున పోయేలా కోస్తాను. గాలి పై అంచు దాటిన తరువాత వెంటనే కిందికి దిగదు, వాలుగా పైకి లేచి పోతుంది. అందుకే అంచు ముక్కు దగ్గరే ఉన్నా గాలి ప్రవాహంలో ఎక్కువ భాగం హెల్మెట్టు పైనుంచి వెళ్లిపోతుంది.

రెండవది గాలి సుడులు. ఎత్తైన, వెడల్పైన పలక వెనుక గాలి ఒత్తిడి తగ్గుతుంది, ఆ లోటును పూడ్చడానికి పక్కలనుంచీ పైనుంచీ గాలి సుడులు తిరుగుతూ లోపలికి వచ్చి హెల్మెట్టును అదరగొడుతుంది, వీపు మీద నుంచి చల్లగాలిని ముందుకు లాగుతుంది. ముందు గాలి తగలకపోయినా వీపు చల్లబడుతోందని చెప్పేవారి ఇబ్బందికి కారణం ఇదే. దీనికి పరిష్కారం ఎత్తు పెంచడం కాదు. విండ్‌షీల్డ్ అడుగు అంచుకూ హెడ్‌లైటుకూ మధ్య కొద్ది ఖాళీ వదిలితే, లేదా కింది భాగంలో అడ్డంగా ఒక చీలిక పెడితే, కొంత గాలి లోపలికి వచ్చి ఆ ఒత్తిడి లోటును తగ్గిస్తుంది. కొద్దిపాటి గాలిని రానిస్తే చలి ఎక్కువవుతుందని చాలామంది భయపడతారు, కానీ సుడిగాలి తగ్గడం వల్ల మొత్తం మీద హాయిగానే ఉంటుంది.

మూడవది గాలి తోపుడు. 45 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల ఎత్తు ఉండి దాదాపు నిటారుగా నిలిచిన పలక మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సుమారు 6 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి పడుతుంది, 100 కిలోమీటర్ల వేగంలో అది 9 కిలోలు దాటుతుంది. వేగం రెట్టింపయితే ఈ తోపుడు నాలుగింతలవుతుంది. విండ్‌షీల్డ్ హ్యాండిల్‌కు బిగించి ఉంటే ఈ బలమంతా స్టీరింగు మీదే పడుతుంది, పక్కగాలి వచ్చినప్పుడు హ్యాండిల్ లాగినట్టవుతుంది, ఎక్కువ వేగంలో బండి ఊగడం కూడా మొదలు కావచ్చు. పెద్ద విండ్‌షీల్డ్ తప్పనిసరి అనుకునేవారు దాన్ని ఫ్రేముకు బిగించే ఏర్పాటు చేయించుకోవాలి. హ్యాండిల్‌కే బిగించాలంటే పరిమాణం తగ్గించుకోవాలి.

కొలతను ఊహించి కోయడం నాకు ఇష్టం లేదు. ముందుగా మందపాటి అట్టను కోసి, మాస్కింగ్ టేపుతో బండికి అంటించి, నడిపేవారిని ఆ ప్రయాణంలో వేసుకునే జాకెట్టు, హెల్మెట్టులతోనే కూర్చోబెట్టి అంచును గుర్తిస్తాను. పలుచని జాకెట్టుతో కూర్చున్న మనిషికీ, దట్టమైన దుస్తులతో కాస్త వెనక్కి వాలిన మనిషికీ చూపు రేఖ మారుతుంది. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, అట్ట ట్యాంకుకూ కేబుళ్లకూ లివర్లకూ తగలకుండా ఉందో లేదో, హెడ్‌లైటుకూ ఇండికేటర్లకూ అడ్డం వస్తోందో లేదో చూసుకోవాలి. అసలు పలక కోసిన తరువాత దాని అంచుల వెంట చిన్న ఉన్ని దారాలు అంటించి, ఖాళీ రోడ్డు మీద ఒకరు నడుపుతుండగా మరొకరు పక్క బండి మీద నుంచి చూస్తే, దారాలు నిలకడగా ఉన్నచోట గాలి సాఫీగా పోతోందనీ, కొట్టుకుంటున్నచోట సుడి ఉందనీ తెలుస్తుంది.

అపోహ: అక్రిలిక్ అయినా పాలికార్బొనేట్ అయినా ఒకటే, పారదర్శకంగా ఉంటే సరిపోతుంది.

వాస్తవం: ఈ రెండూ పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్లే, కానీ గుణాలు వేరు. సైన్‌బోర్డులు చేసేవారి దగ్గర సులువుగా దొరికేది ఎక్కువగా అక్రిలిక్. అది దాదాపు 92 శాతం వెలుతురును పోనిస్తుంది, గీతలు తొందరగా పడవు, కానీ రాయి తగిలితే పదునైన ముక్కలుగా విరుగుతుంది. ముఖానికీ గొంతుకూ ఎదురుగా ఉండే వస్తువు విషయంలో ఆ లోపం చిన్నది కాదు. పాలికార్బొనేట్ దెబ్బను తట్టుకోవడంలో దానికి ఎన్నో రెట్లు మెరుగు, కాకపోతే దాని పైతలం మెత్తగా ఉంటుంది, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పచ్చబడుతుంది. గీతలు పడకుండా గట్టి పూత, ఎండను తట్టుకునే పూత రెండూ ఉన్న షీటు తీసుకోవాలి. రెండవ పూత ఒక వైపే ఉన్న షీటులో ఆ వైపు ఎండకు, అంటే ముందుకు ఉండాలి. రక్షణ కాగితం మీద ఏ వైపో ముద్రించి ఉంటుంది కాబట్టి, కోత, రంధ్రాలు పూర్తయ్యేవరకూ ఆ కాగితాన్ని తీయకూడదు.

రెండింటిలో ఏదో తెలియకపోతే ఒక చిన్న పట్టీ కోసి చేత్తో గట్టిగా వంచి చూడండి, కళ్లద్దాలు మాత్రం పెట్టుకోండి. అక్రిలిక్ పటుక్కున విరుగుతుంది, పాలికార్బొనేట్ వంగి నిలుస్తుంది.

అపోహ: చలికి ప్లాస్టిక్ పెళుసెక్కి పగులుతుంది, కాబట్టి లేహ్ వంటి చోట్లకు తీసుకెళ్లకూడదు.

వాస్తవం: లంబసింగి చలి సంగతి సరే, సున్నాకు పదిహేను డిగ్రీలు దిగువన కూడా 3 మిల్లీమీటర్ల పాలికార్బొనేట్ తన సాగే గుణాన్ని నిలుపుకుంటుంది. మరి పగుళ్లు ఎందుకొస్తాయి? దాదాపు ఎప్పుడూ కారణం రంధ్రమో, బోల్టో, రసాయనమో అయి ఉంటుంది.

ఈ రెండు ప్లాస్టిక్కులూ వేడికి లోహం కంటే చాలా ఎక్కువగా వ్యాకోచిస్తాయి, చలికి అంతే ముడుచుకుంటాయి. విశాఖలో 35 డిగ్రీల ఎండలో బిగించిన 45 సెంటీమీటర్ల పలక, ఘాట్ ఎక్కి 5 డిగ్రీలకు చేరేసరికి దాదాపు ఒక మిల్లీమీటరు పొట్టిదవుతుంది. బోల్టు రంధ్రంలో బిగుతుగా ఇరుక్కుని ఉంటే ఆ ఒక మిల్లీమీటరు లాగుడంతా రంధ్రం అంచు మీద పడుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. కాబట్టి 6 మిల్లీమీటర్ల బోల్టుకు 8 నుంచి 9 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, మధ్యలో రబ్బరు బుష్షు, రెండు వైపులా వెడల్పైన రబ్బరు వాషర్లు పెట్టాలి. రంధ్రం మధ్యభాగం పలక అంచు నుంచి కనీసం రంధ్రం వ్యాసానికి రెండింతల దూరంలో ఉండాలి. మామూలు ఇనుప పనికి వాడే పదునైన డ్రిల్ బిట్టు ప్లాస్టిక్కులోకి ఒక్కసారిగా దిగి పెచ్చు లేపుతుంది. మెట్లుమెట్లుగా వెడల్పయ్యే స్టెప్ బిట్టు గానీ, ప్లాస్టిక్కు కోసం మొన సానపెట్టిన బిట్టు గానీ తీసుకుని, వెనుక చెక్క బిగించి, నెమ్మదిగా వేయాలి. అంచులను ఆకురాయితో సరిచేసి, ఉప్పుకాగితంతో 220 నుంచి 600 నంబరు దాకా నున్నగా రుద్దాలి. కోత గాటు ఒక్కటి మిగిలినా పగులుకు అదే మొదలు అవుతుంది.

అపోహ: బోల్టును వీలైనంత గట్టిగా బిగించి, ఊడకుండా లాకింగ్ ద్రవం వేయాలి.

వాస్తవం: ఆ ద్రవాల్లో ఎక్కువ భాగం పాలికార్బొనేట్‌ను, అక్రిలిక్‌ను పగలగొడతాయి. ఒక్క చుక్క రంధ్రంలోకి జారినా కొద్ది రోజుల్లో వెంట్రుకల వంటి పగుళ్లు నక్షత్రంలా విచ్చుకుంటాయి. నైలాన్ పట్టీ ఉన్న లాక్ నట్లు వాడితే ఆ అవసరమే ఉండదు. రబ్బరు వాషరు కాస్త నొక్కుకునేవరకూ బిగించి ఆపాలి. మెత్తటి పీవీసీ వాషర్లలోని నూనె గుణం కూడా పాలికార్బొనేట్‌కు పడదు కనుక ఈపీడీఎం రబ్బరువే అడిగి తీసుకోండి.

అపోహ: మందం పెంచితే గట్టిదనం వస్తుంది.

వాస్తవం: వస్తుంది, కానీ ఆకారం ఇచ్చే గట్టిదనం ముందు అది చిన్నది. 3 మిల్లీమీటర్ల పలక స్థానంలో 4 మిల్లీమీటర్లది పెడితే బిగువు సుమారు 2.4 రెట్లవుతుంది, బరువు మూడో వంతు పెరుగుతుంది. అదే 3 మిల్లీమీటర్ల పలకకు అడ్డంగా చక్కటి వంపు ఇస్తే బరువు పెరగకుండానే అంతకు మించిన బిగువు వస్తుంది, గాలి కూడా పక్కలకు సాఫీగా జారుతుంది.

అపోహ: వేడిగాలి ఊదే హీట్ గన్ ఉంటే ఎవరైనా ఇంట్లో వంచుకోవచ్చు.

వాస్తవం: కొద్దిపాటి వంపుకు వేడి అవసరమే లేదు. పాలికార్బొనేట్‌ను దాని మందానికి 100 రెట్ల వ్యాసార్ధం వరకూ చల్లగానే వంచి బిగించవచ్చు. 3 మిల్లీమీటర్ల షీటుకు 30 సెంటీమీటర్ల వ్యాసార్ధం అన్నమాట, చాలా బండ్లకు ఇది సరిపోతుంది. అంతకంటే బిగుతైన వంపుకు షీటంతా సమంగా వేడెక్కాలి. అక్రిలిక్ సుమారు 160 డిగ్రీల దగ్గర, పాలికార్బొనేట్ సుమారు 180 డిగ్రీల దగ్గర అచ్చు మీద పరుచుకునేంత మెత్తబడతాయి. పాలికార్బొనేట్ గాలిలోని తేమను పీల్చుకుని ఉంటుంది కాబట్టి, ముందుగా 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టకపోతే వేడికి లోపల బుడగలు లేస్తాయి. సముద్రపు తేమ ఉన్న విశాఖ వంటి ఊళ్లో ఈ దశను వదిలేసే వీలే లేదు. హీట్ గన్‌తో ఒక్కచోటే కాలిస్తే వంపు వస్తుంది గానీ ఆ చోట రోడ్డు వంకరగా కనబడుతుంది, లోపల ఒత్తిడి మిగిలిపోతుంది.

అపోహ: విండ్‌షీల్డ్ పెడితే మైలేజీ పెరుగుతుంది.

వాస్తవం: నిటారుగా నిలిచే పెద్ద పలక చాలాసార్లు గాలి నిరోధాన్ని పెంచుతుంది. చలి నుంచి రక్షణ కోసం పెట్టుకోండి, పెట్రోలు ఆదా కోసం కాదు.

అపోహ: గాజు తుడిచే ద్రవంతో తుడిచి, గీతలు పడితే టూత్‌పేస్టుతో రుద్దితే కొత్తదానిలా అవుతుంది.

వాస్తవం: అమోనియా ఉన్న గాజు ద్రవాలు, పెట్రోలు, థిన్నరు, బ్రేకు ఆయిలు ఈ ప్లాస్టిక్కుల మీద పడకూడదు. దుమ్ము మీద పొడిగుడ్డ వేసి రుద్దితే ఆ దుమ్మే గీతలు గీస్తుంది. ముందు నీళ్లు ధారగా పోసి, తేలికపాటి సబ్బు నీటితో మెత్తటి గుడ్డ పెట్టి తుడవాలి. టూత్‌పేస్టు గీతలతోపాటు పై పూతనూ అరగదీస్తుంది, పూత పోయిన పాలికార్బొనేట్ ఆ తరువాత త్వరగా మసకబారి పచ్చబడుతుంది.

తుడిచేటప్పుడు ప్రతిసారీ బోల్టుల చుట్టూ, అంచుల వెంట వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. సన్నని వెండి గీతల గుంపు కనబడితే లోపల ఒత్తిడి పేరుకున్నదని అర్థం. పగులు చివర చిన్న రంధ్రం వేసి ఆపడం ఇల్లు చేరేవరకూ పనికొచ్చే ఏర్పాటు మాత్రమే, ఆ పలకతో మళ్లీ ఘాట్ ఎక్కకూడదు. పాత పలకను పారవేయకుండా తెచ్చి ఇస్తే దాన్నే నమూనాగా పెట్టి కొత్తది కోయవచ్చు, పాతదాని పగులు ఏ రంధ్రం దగ్గర మొదలయిందో చూసి కొత్తదానిలో ఆ బిగింపు చోటును మార్చవచ్చు.