జీతం పడే కుక్కలు, తీతువు గుడ్లు

విజయవాడ పక్కన నున్న దగ్గర ఉండే ఒక పాఠకురాలు ఇలా రాశారు: "డంపింగ్ యార్డు మీద ఎప్పుడు చూసినా గద్దలు, కాకులు, తెల్లకొంగలు గుంపులుగా ఉంటాయి. యార్డు పెద్దదైతే వాటికి తిండి పెరుగుతుంది కదా. మరి అడవి జీవాలకు నష్టమని ఎందుకంటారు?" ఈ ప్రశ్న నన్ను వారం రోజులు వదల్లేదు.

చెత్త నుంచి కారే నల్లటి రసం గురించి, పొగ గురించి అందరూ రాస్తూనే ఉన్నారు. నేను ఆ తిండి గురించే మాట్లాడతాను. యార్డు పది ఎకరాలు ఆక్రమిస్తే, దాని తిండి చుట్టుపక్కల ఎన్నో రెట్ల నేలను పాడుచేస్తుంది. ఎలాగో చెప్పడానికి తీతువు పిట్ట కావాలి.

తీతువు గూడు కట్టదు. బీడు నేలలో గులకరాళ్ల మధ్య చిన్న గుంట చేసి, మామూలుగా నాలుగు గుడ్లు పెడుతుంది. పొదగడానికి దాదాపు 28 నుంచి 30 రోజులు పడుతుంది. రోహిణి కార్తె ఎండల్లో కాలవకు పోయి, పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. ఇంత కష్టపడే పిట్టను మన ఇళ్లలో అపశకునం అంటారు. రాత్రి తీతువు కూస్తే చావు కబురేనని భయపడతారు. అది కూసేది కుక్కో నక్కో మనిషో గుడ్ల వైపు వస్తున్నప్పుడు. కాపలా కాసే పిట్టను మనం తిట్టుకుంటున్నాం. పిల్లలకు ఈ సంగతి చెప్పండి, భయం పోతుంది.

ఇప్పుడు ఒక పోలిక. చెరువు మీదే బతికే జాలరి ఉన్నాడు. చేపలు తగ్గితే అతనికి గిట్టుబాటు కాదు. వల మడిచి మరో చెరువుకో, కూలికో పోతాడు. ఈలోగా చెరువు కోలుకుంటుంది. అదే చెరువుకు నెలనెలా జీతం పడే మనిషి ఆదివారం సరదాగా గాలం పట్టుకుని వస్తాడు. చేప పడకపోయినా ఆయన ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. కాబట్టి ఆఖరి చేప దాకా వస్తూనే ఉంటాడు. అలాంటి వాళ్లు నలభై మంది అయితే చెరువు గతి ఊహించండి. చెత్తకుప్ప మీద బతికే కుక్కకు, కాకికి ఆ కుప్పే జీతం. పక్క బీడులో ఉడుము పిల్ల, కుందేలు, తీతువు గుడ్డు దానికి ఆదివారం గాలం. కడుపు నిండిన కుక్క కూడా పరుగెత్తే జీవాన్ని తరుముతుంది.

బడిలో గీసే ఆహారపు గొలుసులో గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద ఉంటాయి. చెత్తకుప్ప ఉండదు. మిగిలిపోయిన బిర్యానీ నుంచి కుక్కకు ఒక బాణం, తీతువు గుడ్డు నుంచి అదే కుక్కకు ఇంకో బాణం గీసి చూపించమని సైన్సు టీచర్లను అడుగుతున్నాను.

కాస్త లెక్క చూద్దాం. 1925లో లోట్కా, 1926లో వోల్టెరా అనే శాస్త్రవేత్తలు వేటాడే జీవానికి, దానికి ఆహారమయ్యే జీవానికి మధ్య లెక్కను సమీకరణాల్లో రాశారు. ఆహారమయ్యేవి తగ్గితే వేటాడేవి ఆకలితో తగ్గుతాయి, అప్పుడు ఆహారమయ్యేవి మళ్లీ పెరుగుతాయి. ఈ ఊగిసలాటే రెంటినీ బతికిస్తుంది. ఒక బీడులో తీతువులు ఏడాదికి నూటికి 20 చొప్పున పెరగగలవని, ఒక్కో కుక్క వల్ల నూటికి 2 పోతాయని అనుకుందాం. కుక్కలు 10 దాటితే పెరుగుదల పోయి తరుగుదల మొదలవుతుంది. వేట మీదే బతికే జంతువైతే తిండి చాలక ఎప్పుడో ఒకప్పుడు 10 కిందికి దిగుతుంది. యార్డు మాత్రం 40 కుక్కలను స్థిరంగా పోషిస్తుంది. ఆ సంఖ్య దిగదు, తీతువుల లెక్క సున్నా వైపే పోతుంది. ప్రపంచం మొత్తం మీద కుక్కల వల్ల 188 జాతులకు ముప్పు ఉందని, 11 జాతులు అంతరించడంలో వాటి పాత్ర ఉందని 2017లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది.

గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో గూడబాతులు నీళ్ల మధ్య చెట్ల మీద గూళ్లు పెడతాయి కాబట్టి కుక్కలకు అందవు. నేల మీద గుడ్లు పెట్టేవాటికి ఆ అదృష్టం లేదు.

మరి ఏం చేయాలి? ఆ జీతం ఆపాలి. రైతుబజారు కూరగాయల చెత్త, హోటళ్ల ఎంగిలి, మాంసం దుకాణాల వ్యర్థాలు యార్డుకు చేరకుండా ఎరువుకో గ్యాసుకో పోవాలి. చేరిన చెత్త మీద ప్రతి సాయంత్రం కనీసం 10 సెంటీమీటర్ల మట్టి గానీ, కట్టడాల శిథిలాల పొడి గానీ కప్పాలని, వానలకు ముందు 40 నుంచి 65 సెంటీమీటర్లు కప్పాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనల్లోనే రాశారు. మన దగ్గర ఒక చిక్కుంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఒట్టి నల్లమట్టి కప్పితే మే నెలలో ఆ నెర్రెల్లోంచి వాసన వస్తుంది, కుక్క ముక్కుకు అది చాలు. అందుకే శిథిలాల పొడి కలపడం మేలు. రసం నేలలోకి ఇంకకుండా యార్డు అడుగున వేసే బంకమట్టి పొరకూ ఇదే బెడద. ఆ పొరలో నీరు సెకనుకు సెంటీమీటరులో కోటో వంతుకు మించి కదలకూడదు. అంటే ఏడాదికి సుమారు 3 సెంటీమీటర్లు. ఒక్క నెర్రె పడితే ఆ లెక్కంతా పోతుంది. రసం బుడమేరు వాగులో కలిస్తే చేరేది కొల్లేటికే. 2024 సెప్టెంబరు వరదలో విజయవాడ సింగ్ నగర్ మునగడం చూశాక, పల్లపు నేలలో యార్డు పెంచడానికి ఎవరికీ మనసొప్పకూడదు.

జీతం ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. నలభై మందీ గాలాలు పక్కన పడేసి వలలతో చెరువులోకి దిగుతారు. అందుకే ముందు కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు పూర్తి చేయాలి. అంటే కొత్త ఉద్యోగాలు ఆపాలి. తర్వాత కొన్ని నెలల పాటు తిండిని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. కంచె అడుగు భాగాన్ని నేలలోకి పాతాలి, లేకపోతే తవ్వుకుని వస్తాయి.

నాకు బాగా బాధ కలిగించేది 'వృథా భూమి' అనే మాట. యార్డు విస్తరణకు మొదట చూసేది బీడునే. తీతువుకు, కుందేలుకు అదే ఇల్లు. విస్తరించాక చుట్టూ పచ్చదనం పేరుతో ఎత్తైన చెట్లు నాటుతారు. ఆ చెట్ల మీద కూర్చుని కాకులు, గద్దలు గుడ్లను వెతుకుతాయి. బీడు వైపు పొట్టి పొదలు చాలు, ఆ పైన గడ్డి నేల వదిలేయాలి. సాధ్యమైతే అసలు కొత్త బీడు జోలికే పోకుండా పాత గుట్టను జల్లెడ పట్టి ఖాళీ చేసుకోవాలి. బయోమైనింగ్ అంటే అదే.

అడిగిన పాఠకురాలికి ఒక పని. మార్చి నుంచి ఆగస్టు దాకా వారానికోసారి తెల్లవారుజామున యార్డు పక్క బీడును దూరం నుంచి చూడండి. గుడ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి, మీ కాలిబాట పట్టుకుని కుక్కలు వస్తాయి. బీడులో కుక్కలెన్ని, తీతువు జంటలెన్ని, తల్లి వెంట నడిచే పిల్లలెన్ని అని మూడు అంకెలు రాసి పంపండి. ఇదే పని యార్డుకు ఐదు కిలోమీటర్ల దూరంలోని బీడులో కూడా చేయగలిగితే ఇంకా మంచిది.